కొత్తపట్నం ఒడ్డున మా ఊరి డబ్బాలు

మా బడి పేరు మీద గీసిన గీత ఎర్ర సిరాతో ఉంది. ఒంగోలు ఆఫీసులో నీలం సిరా పెన్నులు లేక కాదు. జాబితాలో నాలుగు బడుల పేర్లుంటే మూడోది మాది. దాని మీద స్కేలు పెట్టి మరీ అడ్డంగా గీశారు. చేత్తో కొట్టేసి ఉంటే ఏదో తొందరలో జరిగిందనుకుని సరిపెట్టుకునేదాన్నేమో. స్కేలు వెతుక్కుని తెచ్చుకున్నారంటే అది తీరుబడిగా కూర్చుని చేసిన పని. ఇరవై ఏళ్లు దాటాయి. ఆ గీత పొడవు ఎంతో ఇప్పుడు అడిగినా చూపించగలను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో సంగతి. అద్దంకి వైపు ఒక పల్లెలో, మిషను వాళ్ల ఎయిడెడ్ హైస్కూల్లో నేను సైన్సు టీచర్ని. ఊరి చుట్టూ పత్తి, మిరప. బడి వెనక చిన్న వాగు. అది పోయి గుండ్లకమ్మలో కలుస్తుంది. ఆ ఏడాది జిల్లాలో బడులకి ఒక సర్క్యులర్ వచ్చింది. డెన్మార్క్ దేశంలో సముద్రం ఒడ్డునున్న ఒక బడి మన జిల్లాలో ఒక బడితో చెలిమి చేస్తుందట. తీరం, చెత్త, నీళ్లు, వీటి గురించి రెండు వైపుల పిల్లలూ ఏడాది పాటు కలిసి చదువుతారు, ఉత్తరాలు రాసుకుంటారు. ముందు ఆ దేశం పిల్లలు పదిమంది వచ్చి కొత్తపట్నం ఒడ్డున ఒక రోజంతా మన పిల్లలతో కలిసి చెత్త ఏరి లెక్క తేలుస్తారు. ఆ సాయంత్రం ఒక బడిని ఎంచుకుంటారు. ఎంచుకున్న బడికి వచ్చి రెండు రోజులు ఉంటారు.

నాకు కావలసింది వాళ్ల బస్సు మా బడి ముందు ఆగడం. అప్పటిదాకా మా బడి ముందు ఆగిన పెద్ద బండి ఎన్నికల పెట్టెలు దించిన లారీ ఒక్కటే. బయటి నుంచి వచ్చినవాళ్లు ఎవరూ మా పిల్లల్ని ఒక్క ప్రశ్న అడిగిన పాపాన పోలేదు. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చే పెద్దలు కూడా రిజిస్టర్లు చూసి, కొబ్బరినీళ్లు తాగి వెళ్లిపోయేవారు. మా పిల్లలకి తెలిసినవి చాలా ఉన్నాయని నాకు తెలుసు. అడిగేవాళ్లు కావాలి. అందుకే దరఖాస్తు నేనే రాశాను, హెడ్మాస్టరు గారి చేత సంతకం పెట్టించాను, ఒంగోలు వెళ్లి చేతికిచ్చి వచ్చాను.

జాబితా బడికి చేరి, ఆ గీత చూశాక మళ్లీ ఒంగోలు వెళ్లాను. ఆ కార్యక్రమం చూసే అధికారి నన్ను గంటన్నర వరండాలో నిలబెట్టాడు. లోపలికి పిలిచాక ఎదురుగా రెండు కుర్చీలు ఖాళీగా ఉన్నా కూర్చోమనలేదు.

"టీచరమ్మా, మీ ఊరికీ సముద్రానికీ ఏంటమ్మా సంబంధం?" అన్నాడు.

"మా వాగు గుండ్లకమ్మలో కలుస్తుంది సార్. గుండ్లకమ్మ సముద్రంలో కలుస్తుంది."

"అట్లాగైతే మా ఇంటి పంపు నీళ్లు కూడా ఎక్కడో కలుస్తాయి. వచ్చేవాళ్లు ఫారినర్స్. మీ పిల్లలు వాళ్లకేం చూపిస్తారు? మిరపకాయలు సముద్రంలో పండుతాయా?"

అని ఆయన నవ్వాడు. సరే, అధికారి, నవ్వుకోనివ్వండి. పక్కన ఫైళ్లు సర్దుతున్న గుమస్తా కూడా నవ్వాడు. నేను ఆ ఇద్దరినీ గుర్తుపెట్టుకున్నాను.

ఇంటికొచ్చి ఫిర్యాదు రాశాను. వారం ఆగి రెండోది రాశాను. ప్రతిదీ రిజిస్టర్డ్ పోస్టులో పంపి, అందినట్టు వచ్చిన గులాబీ రంగు కార్డుల్ని బైబిల్లో దాచాను. మా హెడ్మాస్టరు గారు మంచివారు, కానీ గొడవంటే ఆయనకి ఒళ్లు చల్లబడుతుంది.

"ఎందుకండీ మనకిది? రేపు ఎయిడ్ ఆపేస్తే?" అన్నారు.

"ఆపితే దానికో ఫిర్యాదు రాద్దాం సార్," అన్నాను.

మా ఆయన మాత్రం, "ఆ ఆఫీసరు పాపం నీ సంగతి తెలియక నవ్వాడు," అన్నాడు. అది నాకు మెప్పులాగే వినపడింది.

మూడో ఫిర్యాదుకి జవాబొచ్చింది. మా బడి నుంచి ఎనిమిది మంది పిల్లలు 'పరిశీలకులు'గా హాజరు కావచ్చు, సర్వేలో పాల్గొనడానికి గానీ ఎంపికకు గానీ అర్హత లేదు అని. పెళ్లికి పిలిచి విస్తరి వెయ్యకపోవడమంటే ఇదే. అయినా వెళ్లాం. గుమ్మం దాకా రానిచ్చారు కదా, లోపల ఏం జరుగుతుందో చూద్దామనుకున్నాను.

ఫిబ్రవరి నెల. తెల్లవారగానే పిల్లల్ని తీసుకుని హెడ్మాస్టరు గారూ నేనూ బయల్దేరి రెండు బస్సులు మారి, ఆటోల్లో ఇరుక్కుని కొత్తపట్నం చేరాం. ఒంగోలులో ఒక పెద్ద ఇంగ్లీషు మీడియం బడి పిల్లలు అప్పటికే సొంత వ్యానులో వచ్చి దిగారు. తెల్ల టోపీలు, మెడలో బ్యాడ్జీలు, చేతులకి తొడుగులు. వాళ్ల టీచరు నాకంటే పదేళ్లు చిన్నది. కళ్లద్దాలు నెత్తిమీదికి తోసుకుని, "మీరు అబ్జర్వర్స్ కదండీ. మీకు బ్యాడ్జీలు రాలేదు. అదుగో, ఆ తాటాకుల పందిరి కింద కూర్చోండి, ఎండ తగలదు," అంది. పిలిచిన మిగతా రెండు బడులవాళ్లకీ బ్యాడ్జీలున్నాయి. మాకు మాత్రం నీడ ఇచ్చారు.

మా ఎనిమిది మందిలో ఆరుగురు సముద్రాన్ని చూడటం అదే మొదలు. ఒక పిల్ల పరుగున పోయి దోసిలితో నీళ్లు నోట్లో పోసుకుని ఉమ్మేసి వచ్చింది.

"టీచర్, నిజంగానే ఉప్పే!"

"మరి, నేనేమన్నా అబద్ధం చెప్పానా ఇన్నాళ్లూ?"

"మీరు కాదు టీచర్, పుస్తకం."

డెన్మార్క్ పిల్లలు ఎండకి ఎర్రగా కందిపోయి ఉన్నారు. వాళ్ల టీచరు గెడ్డం ఉన్న పొడుగాటి మనిషి, ముక్కు మీద తోలు ఊడుతోంది. వాళ్లు మాట్లాడే ఇంగ్లీషు విన్నాక నాకు కొంచెం ధైర్యం వచ్చింది. అది వాళ్లకీ నేర్చుకున్న భాషే. ఆగి, వెతుక్కుని, మాట దొరక్కపోతే చేతులతో చూపించి మాట్లాడుతున్నారు. మా పిల్లలూ అది గమనించారు.

పదకొండయ్యేసరికి ఒడ్డంతా ఏరిన చెత్త కుప్పలుగా పోశారు. తెగిన వలలు ఒక కుప్ప, చెప్పులు ఒక కుప్ప, పాలిథిన్ సంచులు ఒక కుప్ప. అన్నిటికంటే పెద్దది ప్లాస్టిక్ డబ్బాల కుప్ప. లీటరువి, అర లీటరువి, రంగు వెలిసి, రాతలు చెరిగి ఉన్నాయి. గెడ్డం టీచరు వాటిలో ఒకటి ఎత్తి చూశాడు. దాని పొట్టకి చిల్లు. ఇంకొకటి ఎత్తాడు, దానికీ చిల్లు. ఇవి ఎక్కడివి, ఇన్నిటికి చిల్లులెందుకున్నాయి అని అడిగాడు.

ఒంగోలు టీచరు తడుముకోలేదు. "ఇవి జాలర్లవి సార్. వలలకి బెండ్లుగా కడతారు. పాడయ్యాక ఇక్కడే పారేస్తారు," అని ఇంగ్లీషులో చెప్పింది. ఆమె పిల్లలు బోర్డుకి తగిలించిన పెద్ద కాగితం మీద డబ్బాల అంకె వేసి, దాని ఎదుట 'జాలర్లు' అని రాశారు. పక్కనే నిలబడ్డ ఆ ఒంగోలు అధికారి తల ఊపాడు. డెన్మార్క్ పిల్లలు తమ నోటు పుస్తకాల్లో ఎక్కించుకున్నారు. జాలర్లకి ఎలా బుద్ధి చెప్పాలన్న మాట కూడా మొదలైంది.

మా పందిరి పక్కనే పల్లెపాలెం జాలరి ఆడవాళ్లు నలుగురు ఎండుచేపలు తిరగేస్తూ ఉన్నారు. వాళ్లలో పెద్దామె నడుం నిటారు చేసి, మా తొమ్మిదో క్లాసు పొడుగుపిల్లని అడిగింది.

"ఏందే పాపా, మావైపు చెయ్యి చూపిచ్చి ఏందో అంటన్నారు?"

పొడుగుపిల్లకి ఉన్నదున్నట్టు చెప్పడమే తెలుసు. "ఆ డబ్బాలన్నీ మీరే పారేశారంట అవ్వా. వలకి కట్టే బెండ్లంట."

పెద్దామె చేతిలో చేప అక్కడే పడేసి వచ్చింది. కుప్పలోంచి ఒక డబ్బా కాలితో దొర్లించి చూసింది.

"చిల్లుబడ్డ డబ్బా బెండెట్టా అవుద్ది? నీళ్లు నిండితే మునగదా? వల తేలాలని కడతామా, మునగాలని కడతామా? ఏమ్మా, కళ్లజోడమ్మా, నిన్నే అడిగేది!"

కళ్లజోడమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. "వాడగా వాడగా చిల్లులు పడతాయి కదా," అని గొణిగి, ఇంగ్లీషులోకి మారి, "ఎండ్రకాయలు కూడా కొరకొచ్చు సార్," అంది.

ఇంతలో మా పొడుగుపిల్ల ఓణీ కొంగు చేతికి చుట్టుకుని ఒక డబ్బా ఎత్తింది. ఎండకి ఎదురుగా పట్టి చూసింది. ఒక చిల్లులోంచి చూస్తే అవతలి చిల్లులోంచి సముద్రం కనపడుతోంది. నా దగ్గరికి తెచ్చి చెవిలో అన్నట్టుగా అంది గానీ, దాని గొంతు పొలాల్లో పెరిగిన గొంతు, అందరికీ వినపడింది.

"టీచర్, ఇది మందు డబ్బా. మన చేల మీదిది."

అది అనగానే నాకూ తెలిసిపోయింది. తెలియనట్టు ఇంతసేపు కూర్చున్నందుకు సిగ్గేసింది. మా వైపు చేలకి పురుగుమందు కొట్టాక ఖాళీ డబ్బాని పారెయ్యరు. దాని పొట్టలో కొడవలి మొనతో ఇటూ అటూ పొడిచి, పత్తికట్టె దూర్చి, గట్టు మీద పాతుతారు. ఈ చేలో మందు కొట్టారు, గోంగూర కొయ్యొద్దు, గేదెల్ని తోలొద్దు అని అర్థం. చదువు రాని కూలి ఆడవాళ్లకి కూడా దూరం నుంచి తెలిసే గుర్తు. చిల్లు పొడవడంలో ఇంకో మేలు, ఆ డబ్బాని మళ్లీ ఎవరూ కిరసనాయిలుకో మంచినీళ్లకో వాడరు. ఆ తర్వాత ఆ కర్ర సంగతి ఎవరికీ పట్టదు. వానలకి కట్టె కుళ్లిపోతుంది, డబ్బా వాగులో పడుతుంది. వాగు ఎక్కడికి పోతుందో నేనే ఆ ఆఫీసులో నిలబడి చెప్పి వచ్చాను.

హెడ్మాస్టరు గారు నా మోచెయ్యి పట్టుకున్నారు. 

"చెప్పొద్దండీ. నలుగురిలో మన ఊరి పరువేం కాను? ఇప్పటిదాకా మన పేరు ఎక్కడా లేదు. ఆ కాగితం మీదికి ఎక్కించుకుంటామా?"

ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. రైతులకి తెలిస్తే నన్ను ఊళ్లోకి రానివ్వరేమో అని నాకూ భయం వేసింది. అవతల పెద్దామె ఇంకా అరుస్తూనే ఉంది, ఆమెకి ఎవరూ జవాబు చెప్పడం లేదు. చెయ్యని తప్పుకి నిలబెట్టి మాటలంటే ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. మాకూ సముద్రానికీ సంబంధం లేదన్న మాటకి అంతకంటే గట్టి జవాబు ఇంకెక్కడ దొరుకుతుంది అన్న ఆలోచన కూడా వచ్చింది. రెండిటిలో ఏది నన్ను లేపిందని అడిగితే నిజం చెప్పడం కష్టం. లేచాను.

"పదవే, నువ్వే చెప్పు," అన్నాను పొడుగుపిల్లతో.

"ఇంగిలీషులోనా టీచర్?"

"నీకు వచ్చినంత."

పిల్ల పందిరి దాటి కుప్ప దగ్గరికి నడిచింది. అధికారి అడ్డొచ్చాడు. "ఏమమ్మా, మీరు పరిశీలకులు. పరిశీలించండి చాలు."

"పరిశీలించాం సార్. ఏం పరిశీలించామో అదే చెబుతున్నాం," అన్నాను.

పిల్ల పందిరి ఈనెల్లోంచి ఒక సన్నటి కర్ర లాగింది. డబ్బాలో ఒక చిల్లులోంచి దూర్చింది, రెండో చిల్లులోంచి తిన్నగా బయటికొచ్చింది. దాన్ని ఇసుకలో పాతింది. దూరంగా జరిగి నిలబడి, "సర్, దిస్ అవర్ ఫీల్డ్. కాటన్. పాయిజన్. డోంట్ కమ్, డోంట్ ఈట్," అంది. మాట దొరకని చోట గోంగూర కోస్తున్నట్టు వంగి, డబ్బాని చూసి ఉలిక్కిపడి, చేతులు వెనక్కి లాక్కుంది. తర్వాత చేత్తో వాగులాగా వంకరగా గీసుకుంటూ వచ్చి సముద్రం దగ్గర ఆపింది. "రెయిన్. రివర్. హియర్." చివర పల్లెపాలెం ఆమెని చూపించి తల అడ్డంగా ఊపింది. "నాట్ హర్. అస్."

డెన్మార్క్ పిల్లల్లో మొహమంతా మచ్చలున్న ఒక అమ్మాయి "ఓ!" అని పెద్దగా అరిచింది. ఆ అరుపుకి తర్జుమా అక్కర్లేకపోయింది.

"ఒక్క దానికి అలా ఉంటే సరిపోతుందా?" అంది ఒంగోలు టీచరు.

"అయితే అన్నీ చూడండి," అన్నాను.

చూశారు. మచ్చల పిల్లా మా పిల్లా చెరో కర్ర పట్టుకుని కుప్ప ముందు కూర్చున్నారు. మా వాళ్లకి తొడుగులు లేవని చూసి డెన్మార్క్ పిల్లలు తమవి ఒక్కొక్కటి ఊడదీసి ఇచ్చారు. డబ్బా తియ్యడం, కర్ర దూర్చడం, పక్కన పెట్టడం. ఎండ్రకాయ మాట గుర్తుకొచ్చి మా పిల్ల ఒకసారి తలెత్తి, "ఎండ్రకాయ ఇంత తిన్నగా పొడిచిద్దా టీచర్? దానికి కొడవలెవరిచ్చారు?" అంది. పల్లెపాలెం ఆడవాళ్లు పడీపడీ నవ్వారు. మూతలు పోయిన మంచినీళ్ల సీసాలు కొన్ని తప్ప కుప్పంతా మందు డబ్బాలే, అన్నిటికీ ఎదురెదురు చిల్లులే. దాదాపు అడుగున దొరికిన ఒక డబ్బాలో విరిగిన పత్తికట్టె ముక్క ఇంకా ఇరుక్కునే ఉంది. దాన్ని మా పిల్ల రెండు వేళ్లతో లాగి గెడ్డం టీచరు అరచేతిలో పెట్టింది. కొత్తపట్నం ఇసుకలో పత్తి పండదని ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

అవన్నీ మా ఊరివే కాకపోవచ్చు. గుండ్లకమ్మకి రెండు పక్కలా ఉన్న ఊళ్లన్నిటిదీ అదే అలవాటు. ఆ మాట కూడా నేను చెప్పాను. లేనిది మీదేసుకోవడం కూడా నాకిష్టం లేదు.

మచ్చల పిల్ల లేచి వెళ్లి బోర్డు మీద 'జాలర్లు' అన్న మాట కొట్టేసింది. స్కేలు లేకుండా, ఒక్క ఊపున. దాని పక్కన ఏం రాయాలని మా పిల్లని అడిగింది. మా పిల్ల పెన్ను తీసుకుని తెలుగులో 'మా చేలు' అని రాసింది. పెద్దామె వచ్చి, "ఏం రాశావే?" అని అడిగి చెప్పించుకుని, పిల్ల బుగ్గ గిల్లి, చేపల చేత్తోనే తల నిమిరింది.

భోజనాలయ్యాక గెడ్డం టీచరు వచ్చి నా పక్కన నేల మీదే కూర్చున్నాడు. మీ ఊరు నుంచి ఇక్కడికి ఎంత దూరం, వాగు వెంట నడవచ్చా, ఆ కర్రలు ఇప్పుడు కూడా ఉంటాయా అని వరసగా అడిగాడు. నాకు వచ్చిన ఇంగ్లీషులో అన్నిటికీ చెప్పాను. అధికారి వచ్చి, ఈ బడికి ఎంపికలో అర్హత లేదు, లిఖితపూర్వకంగా తెలియజేశాం అన్నాడు. ఎందుకు లేదని ఆయన అడిగాడు. తీరప్రాంతం కాదు కాబట్టి అని ఈయన చెప్పాడు.  గెడ్డం టీచరు అరచేయి తెరిచి పత్తికట్టె ముక్క చూపించాడు. అధికారి దాన్ని చూసి, నన్ను చూసి, సముద్రం వైపు చూశాడు.

సాయంత్రం మైకు దగ్గర నిలబడి మా బడి పేరు చదవవలసింది ఆయనే. చదివాడు, గబగబా, నీళ్లు నమిలినట్టు. నేను వెనక వరసలోంచి లేచి నిలబడ్డాను.

"సార్, మైకు సరిగ్గా వినపడలేదు. మళ్లీ చదవండి."

మళ్లీ చదివాడు. ఈసారి మా పిల్లలు చప్పట్లు కొట్టారు. చప్పట్లలో పేరు చివర వినపడలేదని మూడోసారి అడగబోతుంటే హెడ్మాస్టరు గారు నా కొంగు పట్టుకుని కూర్చోబెట్టారు. ఆ మూడోసారి నాకు ఇంకా బాకీ ఉంది.

నాలుగో రోజు బస్సు వచ్చింది. ఈలోగా ఊళ్లో నేను పడ్డ మాటలు తక్కువ కాదు. ఒక పెద్ద రైతు రచ్చబండ దగ్గర అందరిముందూ నిలేశాడు. "ఏం టీచరమ్మా, మన ఊరి పరువు సముద్రం దాకా మోసుకెళ్లావంట?"

"నేను మోసుకెళ్లలేదు బాబాయ్. నాకంటే ముందే పోయి అక్కడ కూర్చుంది," అన్నాను. నవ్వినవాళ్లు నవ్వారు. ఆయన నవ్వలేదు. కానీ బస్సొచ్చే రోజు పొద్దున్నే తన చేను చూపిస్తానని వచ్చింది మొదట ఆయనే, ఇస్త్రీ చొక్కాతో.

ఊరి బాటంతా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఆ కాలంలో మా ఊళ్లో ఎంత పెద్ద మనిషి కారొచ్చినా కాయల పక్కనుంచి తిప్పుకుని పోవలసిందే, లేదా దిగి నడవాల్సిందే. ఆ రోజు కూలి ఆడవాళ్లు చెక్కలు పట్టుకుని కాయల్ని రెండు వైపులకీ నెట్టారు. మధ్యలో బస్సుకి దోవ ఏర్పడింది. రెండు ఎర్ర గట్ల మధ్య నుంచి బస్సు మెల్లగా వచ్చి బడి ముందు ఆగింది. తలుపు తెరుచుకోగానే ఘాటుకి డెన్మార్క్ పిల్లలందరికీ ఒకేసారి తుమ్ములు. మా పిల్లలు విరగబడి నవ్వి, వెంటనే కుండలోంచి నీళ్లు ముంచుకుని పరుగెత్తారు.

వాగు వెంట నడిచాం. గట్ల మీది కర్రలు లెక్కపెట్టారు, కింద పడ్డ డబ్బాలు ఏరారు. ఇక మీదట డబ్బాలు పాతొద్దన్న మాట వచ్చినప్పుడు, అందరూ ఆ గుర్తు తీసేస్తే ఎలా అని పెద్ద రైతు అడిగాడు. "డబ్బా తీస్తే గోంగూరకొచ్చేదానికి ఎట్టా తెలుస్తుంది? రేపేదన్నా అయితే నా మీదికేగా వస్తారు?" మంచి ప్రశ్నే. నేను దాన్ని ఇంగ్లీషులోకి మార్చేలోపే వెనక నుంచి ఒక కూలి ఆమె అంది, "ఆ గుర్తు మాకోసమేగా అయ్యా పెట్టేది. ఎర్రగుడ్డ కట్టండి, చాలు. మాకు కళ్లున్నయ్యి." అప్పటికప్పుడు పాత లంగా ఒకటి తెచ్చి చింపి కర్రలకి కట్టారు. డబ్బాలు పూడ్చడానికి పెద్ద రైతే తన చేలో, వాగుకి దూరంగా, గుంట చూపించాడు. అది ఎన్నేళ్లు నడిచిందని అడక్కండి, కొన్నేళ్లు నడిచింది. జిల్లా వాళ్లు అచ్చేసిన పుస్తకంలో ఎర్రగుడ్డ ఆలోచన ఒంగోలు నిపుణులదని రాశారు. దాని మీద నేను రాసిన ఫిర్యాదుకి ఇంకా జవాబు రాలేదు.

బస్సొచ్చిన రోజు పొద్దున హాజరు తీసుకుంటూ ఒక విషయం గమనించాను. మిరప కోతలప్పుడు తొమ్మిదో క్లాసులో సగం పేర్లకి పలికేవాళ్లుండరు, అందరూ చేలల్లో ఉంటారు. ఆ రోజు ఒక్కో పేరూ పిలుస్తుంటే ప్రతి పేరుకీ "ప్రెజెంట్ టీచర్" అని వినపడింది. కొందరి వేళ్లు కాయలు కోసి మంటలెక్కి ఉన్నాయి, వాటిని ఊదుకుంటూనే పలికారు. చివరి పేరు దాకా వచ్చాక కింద మొత్తం వేసి, సున్నా గైర్హాజరు అని రాసి, సంతకం పెట్టాను. నీలం సిరాతో.